తెగిన మాల తిరిగొస్తే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మూడేళ్లుగా ఇంట్లోనే రుద్రాక్ష, తులసి, స్ఫటిక మాలలు గుచ్చి అమ్ముతున్నాను. కార్తీకంలో, అయ్యప్ప దీక్షల రోజుల్లో తెలిసినవాళ్ల ద్వారా నలభై, యాభై మాలలు పోతాయి. తర్వాత ఏడాదంతా ఖాళీ. పోయిన సీజన్లో ఆరు మాలలు తెగి తిరిగొచ్చాయి. రెండింటికి పూసల కొసలకు తొడిగిన వెండి కప్పులు నల్లబడ్డాయి. ఒకాయన రుద్రాక్ష నీళ్లలో తేలింది కాబట్టి నకిలీదేనని డబ్బులు వెనక్కి అడిగారు. వెండిపని నేర్చుకుని ఇంకా పెద్దగా చెయ్యాలనుంది. బజారులో చిన్న షాపు తీసుకోమంటున్నారు మావారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: షాపు సంగతి తర్వాత చూద్దాం. ఆ తెగిన ఆరు మాలలు పారేశారా, ఉన్నాయా? ఉంటే వాటిని ఓ తెల్లగుడ్డ మీద పరిచి, ఒక్కొక్కటీ ఎక్కడ తెగిందో భూతద్దంతో చూడండి. ఏ పుస్తకమూ నేర్పనిది అవి నేర్పుతాయి.

మేరుపూస (మాల రెండు కొసలూ కలిసేచోటి పూస) దగ్గర, కుచ్చు మొదట్లో తెగిందంటే తప్పు ముడిది, లేదా జిగురుది. ముడి జారకూడదని సూపర్ గ్లూ చుక్క వేస్తాం. అది దారంలోకి పాకి ఆ మేర పుల్లలా బిగుసుకుపోతుంది. గట్టిపడిన భాగం, మెత్తటి భాగం కలిసేచోట రోజూ వంగీ వంగీ అక్కడే పుటుక్కుమంటుంది. ఆరాక కూడా వంగే రకం పారదర్శక జిగురు వాడండి, అదీ సూదిమొన మీద ఎంత నిలుస్తుందో అంతే. నైలాన్ దారమైతే కొసను లైటర్‌తో కరిగించి నొక్కేయొచ్చు. పట్టుదారం కరగదు, కాలి బూడిదవుతుంది, కాబట్టి దానికి ముడే దిక్కు.

మాల మధ్యలో తెగి, దారం కొస దూదిలా విచ్చుకుని ఉంటే రంధ్రం అంచు కోసేసిందన్నమాట. స్ఫటికంలో ఇది మరీ ఎక్కువ. స్ఫటికానికి రెండువైపుల నుంచీ తొలుస్తారు. రెండు తొలుపులూ లోపల సరిగ్గా కలవకపోతే మధ్యలో మెట్టులాంటిది మిగిలిపోతుంది. అది బయటికి కనబడదు గానీ మెడ మీద మాల కదిలినప్పుడల్లా రంపంలా పనిచేస్తుంది. గుచ్చేముందే పట్టుకోవాలంటే పూసలోకి దారం దూర్చి, రెండు కొసలూ పట్టుకుని ఇరవై సార్లు అటూ ఇటూ లాగండి. నూగు లేస్తే ఆ పూస పక్కన పెట్టండి. వజ్రపు పొడి పూసిన సన్నని సూది ఆకురాయి దొరుకుతుంది. పూసను నీళ్లగిన్నెలో ముంచి ఉంచి, ఆ సూదిని ఒక్కో వైపు నుంచి మూడు నాలుగు సార్లు తిప్పితే అంచు నునుపవుతుంది. పొడిగా రాస్తే పూస వేడెక్కి చీలుతుంది, లేచే ధూళి ఊపిరితిత్తులకు చేటు. వెండి కప్పుల అంచుల్ని కూడా వేలితో తడిమి చూడండి. మిషను మీద కొట్టిన కప్పులకు లోపలివైపు గరుకు అంచు మిగిలి ఉంటుంది.

ఇక దారం నల్లబడి, పట్టుకుంటే పొడిపొడిగా రాలిందంటే అది నూలుదారం. చెమట, స్నానం, తలనూనె కలిసి దాన్ని కుళ్లబెడతాయి. దీక్షలో ఉన్న స్వామి రెండుపూటలా మాలతోనే తలస్నానం చేస్తాడు, 41 రోజులు. నూలు దానికి తట్టుకోదు. పురి గట్టిగా ఉన్న నైలాన్, లేదా అల్లిన పాలిస్టర్ దారం వాడండి. పట్టును ఇంట్లో జపం చేసుకునే మాలలకు ఉంచుకోండి.

ఏ దారమైనా రంధ్రం నిండా ఉండాలి. మిల్లీమీటరు రంధ్రంలో అరమిల్లీమీటరు దారం వేస్తే పూస ఊగుతూ దాన్ని తినేస్తుంది. రెండు పేటలుగా పోనివ్వండి. గుచ్చేముందు దారాన్ని మేకుకు కట్టి, కింద అరకిలో బరువు వేలాడదీసి రాత్రంతా వదిలేయండి. సాగాల్సిందంతా అప్పుడే సాగుతుంది. ఈ పని చెయ్యకుండా కట్టిన మాల నెల తిరిగేసరికి వదులై, పూసల మధ్య దారం కనబడుతుంది.

పూసపూసకీ ముడి వెయ్యడం మీకు అలవాటో కాదో రాయలేదు. వెయ్యాల్సిందే. తెగినా ఒక్క పూసే రాలుతుంది, పూసలు ఒకదానికొకటి ఒరుసుకోవు. 8 మిల్లీమీటర్ల పూసలు 108 వేస్తే పూసల పొడవే 86 సెంటీమీటర్లు. మిల్లీమీటరు మందం దారంతో ఒక్కో ముడి దాదాపు సెంటీమీటరు దారం తింటుంది. కుచ్చుకీ, చేతిపట్టుకీ కలిపి 3 మీటర్లు కత్తిరించుకుంటే మధ్యలో దారం చాలక అతుకు వేసే గతి పట్టదు. తయారైన మాల 108, 110 సెంటీమీటర్లు వస్తుంది. కొత్తరకం దారం కొన్నప్పుడు మాత్రం పది పూసలకు ముడులు వేసి కొలుచుకున్నాకే లెక్క కట్టండి.

పూసలన్నీ ముందే దారానికి ఎక్కించేసి, ఒక్కొక్కటీ జరుపుకుంటూ ముడి వెయ్యండి. వదులు ముడి వేసి అందులో దబ్బనం మొన పెట్టండి. ఆ మొనతోనే ముడిని పూస పక్కకు నెట్టుకొచ్చి, దబ్బనం లాగేస్తూ బిగించండి. ముడికీ పూసకీ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. మరీ అదిమేస్తే మాల కర్రలా నిలబడుతుంది, జపంలో వేలు సాగదు.

ఇంకో కారణం చాలామంది గమనించరు. రుద్రాక్షలు కడిగి, పైపైన ఆరగానే గుచ్చేస్తారు. తడికి ఉబ్బిన గింజ ఆరాక చిక్కుతుంది. మీరు బిగువుగా కట్టిన మాల వారంలో వదులైపోతుంది. మెత్తని బ్రష్‌తో కడిగి, నీడలో నాలుగు రోజులు ఆరబెట్టి, చేతికి నువ్వులనూనె రాసుకుని గింజల్ని ఓసారి పులిమి, మర్నాడు గుడ్డతో తుడిచి అప్పుడు గుచ్చండి. కొనేవారు పాలలో, నేతిలో నానబెట్టి శుద్ధి చేయించుకోవాలనుకుంటున్నారేమో ఆర్డరు తీసుకునేటప్పుడే అడగండి. అలాగైతే విడి గింజలిచ్చి, శుద్ధి అయ్యాక తెమ్మని, కడిగి ఆరబెట్టి గుచ్చి ఇవ్వండి. గుచ్చిన మాలను పాలలో ముంచితే ముడుల్లో, ముఖాల గాళ్లలో పాలు మిగిలి పులుస్తాయి, బూజు పడుతుంది. తిట్లు మాత్రం మీకే.

వెండి నల్లబడటం గురించి. అసలైన వెండి కూడా నల్లబడుతుంది. చెమటలో, గాలిలో ఉండే గంధకంతో కలిసి పైన నల్లటి పొర కడుతుంది. తుడిస్తే పోతుంది. తుడిచినా పోకుండా కింద పసుపురంగు తేలిందా, అది వెండి పూత వేసిన ఇత్తడి. పచ్చగా చిలుము పట్టి మెడకు అంటిందా, అందులో రాగి పాలు ఎక్కువ. జర్మన్ సిల్వర్ అనేదాంట్లో వెండి రవ్వంతైనా ఉండదు, అది రాగి, నికెల్, జింక్‌ల కలయిక. నికెల్ పడనివాళ్లకు మెడంతా దద్దుర్లు వస్తాయి. మీ కప్పులు ఏవో ముందు తేల్చుకోండి. కప్పులు, తీగ కొనేటప్పుడు బిల్లు మీద 925 అని రాయించుకోండి. అంటే వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతాది ఎక్కువగా రాగి. 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండి హాల్‌మార్కుకూ హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో వస్తువుకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య వచ్చింది. వెండికి అది తప్పనిసరి కాదు గానీ, ఉన్న వస్తువును బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఇంట్లో నిల్వచేసేటప్పుడు వెండి సామాను చుట్టూ రబ్బరు బ్యాండు వెయ్యకండి. రబ్బరులో గంధకం ఉంటుంది, బ్యాండు ఉన్నంతమేరా నల్లగీత పడుతుంది. గాలి చొరని జిప్ సంచుల్లో పెట్టండి. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్లతో వెండి తెల్లబరిచే పద్ధతి విడి వెండికి బాగానే పనిచేస్తుంది. పూసలు గుచ్చిన మాలను, ముఖ్యంగా ముత్యం, పగడం ఉన్నదాన్ని, అందులో ముంచొద్దు. మెత్తని పాలిష్ గుడ్డే మేలు.

ఇప్పుడు నీళ్లలో తేలిన రుద్రాక్ష. ఆయనకు ఏం చెప్పాలో తెలియక డబ్బులు ఇచ్చేసి ఉంటారు. తేలడం, మునగడం పరీక్షే కాదు. బాగా ఎండిన అసలు గింజ లోపలి గాలివల్ల తేలుతుంది. లోపల సీసం పోసిన నకిలీ రాయిలా మునుగుతుంది. రెండు రాగినాణేల మధ్య పెడితే తిరుగుతుందన్నదీ అంతే. పదింతలు పెద్దగా చూపే భూతద్దం కొనండి. అసలు ముఖరేఖ పైనుంచి కిందిదాకా గింజ గరుకుతనంలోనే కలిసిపోయి సాగుతుంది. చెక్కిన రేఖ అడుగున నున్నగా, పనిముట్టు జాడతో ఉంటుంది. అతికించిన గింజలో గీత పొడవునా జిగురు మెరుస్తుంది. అన్నిటికన్నా నమ్మకమైనది ఎక్స్‌రే. లోపలి గింజగదులు బయటి ముఖాలకు సరిపోయాయో లేదో అందులో తెలుస్తుంది.

మా మాట వింటే మీరు ఇప్పట్లో పంచముఖి తప్ప మరొకటి ముట్టుకోకండి. చెట్టుకు కాసే కాయల్లో ఎక్కువభాగం పంచముఖే కాబట్టి దాంట్లో మోసం చేసి మిగుల్చుకునేది తక్కువ. ఏకముఖి, గౌరీశంకర్ (రెండు గింజలు కలిసి కాసినది), పద్నాలుగు ముఖాలు దాటినవి ల్యాబ్ రిపోర్టు లేకుండా అమ్మడమంటే తల తాకట్టు పెట్టడమే. ఇంకో సందేహం కూడా మీకు ఎదురవుతుంది. నేపాల్ కాయ పెద్దది, ఇండోనేషియా జావా నుంచి వచ్చేది చిన్నది, నునుపైనది. చిన్న పూసల మాలలు చాలామటుకు జావావే. చిన్నగా ఉంది కాబట్టి నకిలీ అనేవాళ్లుంటారు. ఏ దేశపుదో చీటీ మీద మీరే రాసిస్తే ఆ గొడవ రాదు. తులసి పూసలకు తడి దూది రాసి చూడండి, రంగు వేసినదైతే దూదికి అంటుతుంది.

చీటీ అన్నాం కదా, ప్రతి మాలతో అరచేతంత కాగితం ఇవ్వండి. పూస రకం, ఎక్కడిది, ఎన్ని పూసలు, ఏ దారం, వెండి ఎన్ని గ్రాములు, కట్టిన తేదీ, ఏడాదిలోపు తెగితే ఉచితంగా కట్టిస్తామన్న మాట. స్నానం, సబ్బు, సెంటు, పడక విషయంలో జాగ్రత్తలు రెండు వాక్యాల్లో. బీపీ తగ్గుతుంది, షుగర్ పోతుంది లాంటివి మాత్రం చీటీ మీద కానీ, ఇన్‌స్టాగ్రామ్‌లో కానీ రాయొద్దు. తాయెత్తులు, మహిమగల వస్తువులు జబ్బులు నయం చేస్తాయని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. రక్తపోటు, మధుమేహం రెండూ అందులోని జాబితాలో ఉన్నాయి.

చట్టం మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు. తాతలనాటి పులిగోరు తెచ్చి పిల్లాడికి వెండిలో కట్టివ్వమనేవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు. చేత్తో తాకకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది జైలు వ్యవహారం. ఏనుగుదంతం పూసలూ అంతే. ఎర్రచందనం మాలలు తక్కువ ధరకు ఇస్తామని ఎవరైనా వస్తే అటవీశాఖ అనుమతి కాగితాలు అడగండి. వాళ్లు మళ్లీ రారు.

వెండిపని నేర్చుకోవాలన్నారు. అతుకులు, నిప్పు తర్వాత. ముందు తీగపని పట్టుకోండి. రుద్రాక్షలోంచి తీగ పోనిచ్చి రెండువైపులా కొక్కెం చుట్టి, ఒకదాన్నొకటి తగిలించి గొలుసులా కట్టే మాల ఇది. కావలసినవి గుండ్రటి మూతి పట్టకారు ఒకటి, చదును మూతివి రెండు, కత్తెర పట్టకారు ఒకటి, పది మిల్లీగ్రాముల తేడా కూడా చూపే చిన్న కాటా ఒకటి. తీగ 22 గేజి, అంటే 0.64 మిల్లీమీటర్లు. 20 గేజి గట్టిగానే ఉంటుంది గానీ చిన్న పూసల రంధ్రంలో దూరదు, బలవంతం చేస్తే గింజ ముఖరేఖ వెంబడి చీలుతుంది.

8 మిల్లీమీటర్ల పూసకు 6 సెంటీమీటర్ల తీగ ముక్క కత్తిరించండి. 54 పూసలకు మూడుంబావు మీటర్లు, దాదాపు 11 గ్రాముల వెండి. కొక్కేలు 2 మిల్లీమీటర్ల లోపలి వెడల్పుతో, రెండేసి చుట్లతో కడితే మాలలో నిలిచేది ఏడున్నర గ్రాములు, మిగతా మూడున్నర తుక్కు. ఆ తుక్కును సీసాలో దాచండి. తులాల లెక్కన పోగయ్యాక వెండి కొట్టువాళ్లు తీసుకుంటారు, లేదా తెలిసిన వెండిపనివారు కరిగించి కమ్మచ్చులో (తీగ సాగదీసే రంధ్రాల పలక) మళ్లీ తీగ లాగిస్తారు. 54 పూసల గొలుసుమాల చుట్టుకొలత 85 సెంటీమీటర్ల దాకా వస్తుంది. తల మీదుగా వేసుకోవచ్చు. అదే 108 అయితే 170 దాటుతుంది, రెండు పేటలుగా వేసుకోవాల్సిందే. ఈ సంగతి ఆర్డరు ఇచ్చేవారికి ముందే చెప్పండి. కొలత చెప్పకుండా కట్టిన మాల ఊడదీసి మళ్లీ కట్టాలంటే వంచిన తీగ పనికిరాదు. వంచేకొద్దీ వెండి గట్టిపడి విరుగుతుంది.

మొదట రాగితీగతో ఓ రెండొందల కొక్కేలు చుట్టండి. కిలో వెండి కొనే డబ్బులో వందోవంతు కూడా అవ్వదు. అన్ని కొక్కేలూ ఒకే సైజులో రావాలంటే పట్టకారు మూతి మీద మార్కర్‌తో గీత గీసి, ప్రతిసారీ తీగను ఆ గీత దగ్గరే చుట్టండి. చుట్టు కొస బయటికి పొడుచుకొస్తే జుబ్బా దారాలు లాగేస్తుంది, పట్టకారుతో లోపలికి అదమండి.

ఇది చెయ్యి తిరిగాకే అతుకుల పని. అది మాత్రం పనివారి దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. వెలిగారం (అతుకు పట్టడానికి వేసే పొడి) ఎప్పుడు కరుగుతుందో, అతుకు ఎప్పుడు పారుతుందో కంటితో చూస్తేనే పట్టుబడుతుంది. ఎవరి దగ్గర నేర్చుకున్నా కేడీఎం అతుకు వద్దనండి. అందులోని కాడ్మియం పొగ విషం. ఇంకోటి, గింజ వేడి తట్టుకోదు. చట్రం అతికి, చల్లార్చి, మెరుగు పెట్టాకే రుద్రాక్షను కూర్చాలి.

కొనేవారు సొంత వెండి తెస్తే వాళ్ల ఎదుటే తూచి, రాసి, ఫొటో తీసి, చీటీ ఇవ్వండి. మాల ఇచ్చేటప్పుడు తుక్కు కూడా తూచి అప్పగించండి. తరుగు ఎంత తీసుకుంటారో ముందే మాట్లాడుకోండి.

ధర ఎలా వెయ్యాలో మీరు అడగలేదు, బహుశా అక్కడే నష్టపోతున్నారు. లెక్క చూపడానికి కొన్ని అంకెలు వేద్దాం. పూసలు 350, దారం, కుచ్చు 40, పెట్టె 40. ముడులతో 108 కట్టడానికి రెండున్నర గంటలు, గంటకు 120 చొప్పున 300. తెగినవి ఉచితంగా కట్టిచ్చే ఖర్చుకు 40. మొత్తం 770. మీకు 130 మిగలాలంటే 900. పూజాసామగ్రి షాపులో పెడితే వాళ్లు నూటికి 30 తీసుకుంటారనుకోండి, ధర 1,290 దాకా ఉండాలి. ఇంటికొచ్చిన వాళ్లకూ అదే ధర చెప్పండి. మీ దగ్గర 900కి దొరికేది వాళ్ల దగ్గర 1,290 అని తెలిసిన రోజున ఆ షాపువాళ్లు మీ మాలలు కట్టగట్టి వెనక్కి పంపుతారు.

పన్ను విషయంలో, రుద్రాక్ష మాల, తులసి మాల పూజాసామగ్రి కింద జీఎస్టీ లేని వస్తువులు. వెండి కట్టగానే లెక్క మారొచ్చు, వెండి నగల మీద 3 శాతం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల వ్యాపారానికి రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. వేరే రాష్ట్రాలకు పంపడం మొదలుపెట్టేముందు మాత్రం ఒకసారి ఆడిటర్‌ను కలవండి. విదేశాల్లోని బంధువులు అడిగితే, ముఖ్యంగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌కు గింజలు, చెక్కపూసలు పంపేముందు అక్కడి నిబంధనలు చదవండి. పురుగురంధ్రం ఒక్కటి కనబడినా పార్సిల్ అక్కడే ఆగిపోతుంది.

మిగతా ఏడాది ఖాళీ అన్నారు. మీ వేళ్లకు వచ్చిన ముడికి మతం లేదు. విజయవాడ గుణదల మేరీమాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరుగుతాయి. క్రైస్తవుల జపమాలకు 59 పూసలు, 53 ఒక రకం, 6 వేరే రకం, మధ్యలో పతకం, చివర సిలువ. వరుస తప్పితే ఎవరూ కొనరు, నమూనా ఒకటి ఎదురుగా పెట్టుకుని కట్టండి. రంజాన్‌కు ముందు తస్బీలు (ముస్లింల జపమాలలు), 33 పూసలవి లేదా 99వి. వీటన్నిటికన్నా నికరమైన రాబడి మరమ్మతులది. ప్రతి ఇంట్లో తెగిపోయి డబ్బాలో పడేసిన మాల ఒకటి ఉంటుంది. పూసలు వాళ్లవే, మీ పెట్టుబడి దారం. పాతమాల కట్టించుకోవడానికి వచ్చినవారు కొత్తది చూడకుండా వెళ్లరు.

అందుకే షాపు ఇప్పుడొద్దు. అద్దె కట్టడానికి ఏ సరుకు పడితే ఆ సరుకు తెచ్చి అమ్మాల్సొస్తుంది. ఆ డబ్బుతో ఎండాకాలంలోనే పూసలు కొనండి. వానాకాలంలో కొన్న గింజ తేమతో బరువు తూగుతుంది, నిల్వలో బూజు పడుతుంది. ఆషాఢం నుంచి వారానికి ఐదు చొప్పున కట్టుకుంటూ పోతే కార్తీకానికి 80 మాలల దాకా చేతిలో ఉంటాయి. వాటిలో ప్రతి పదింటికి ఒకటి తీసి మీరే మెడలో వేసుకుని రోజూ స్నానం చెయ్యండి. నెల తర్వాత దాని ముడులు భూతద్దంతో చూడండి.